ఒక్క కంటితో చూసేవాళ్లకి త్రీడీ, వీఆర్: ఏది తీసుకోవాలి, ఏది వదిలేయాలి

తల కదిపితే బొమ్మ మారుతుందా, లేదా? రెండు కళ్ల చూపు కలవనివాళ్లు త్రీడీ పేరుతో వచ్చే ఏ వస్తువునైనా ముందు ఈ ప్రశ్నతో పట్టి చూడాలి. మారితే అది మనకి పనికొచ్చేదే. మారకపోతే తెర ఎంత పెద్దదైనా, కళ్లజోడు ఎంత ఖరీదైనదైనా మనకి అందేది మామూలు బొమ్మే. అదీ కాస్త చీకటి బొమ్మ.

కారణం తేలికే. మనిషి రెండు కంటిపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అంత ఎడం వల్ల రెండు కళ్లకీ రెండు వేరు బొమ్మలు అందుతాయి. ఆ తేడా నుంచి మెదడు లోతును లెక్కగడుతుందని 1838లో ఇంగ్లండు శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టన్ రెండు కళ్లకీ రెండు బొమ్మలు చూపే తన స్టీరియోస్కోపుతో చూపించాడు. నేటి త్రీడీ సినిమా, త్రీడీ టీవీ, వీఆర్ హెడ్‌సెట్ (తలకి పెట్టుకుంటే చుట్టూ కృత్రిమ లోకం చూపే పెట్టె) అన్నీ ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి. ఒక కన్ను పోయినవాళ్లకి, చిన్నప్పటి మెల్లకన్ను ఉన్నవాళ్లకి, మందకన్ను (కన్ను బాగున్నట్టే ఉన్నా మెదడు దాని చూపును సరిగా వాడుకోకపోవడం) ఉన్నవాళ్లకి, రెండు కళ్ల సైటులో బాగా తేడా ఉన్నవాళ్లకి, పసితనంలో శుక్లం వచ్చినవాళ్లకి రెండో బొమ్మ అసలు అందదు. అందినా మెదడు దాన్ని పక్కన పెట్టేస్తుంది. మందకన్ను ఒక్కటే నూటికి ఇద్దరు ముగ్గురిలో ఉంటుంది కాబట్టి, నిండిన థియేటర్లో ఇలాంటివాళ్లు ప్రతి ఆటకీ ఉంటారు.

లోతు తెలియడానికి దారి అదొక్కటే కాదు. ముందున్న వస్తువు వెనకున్నదాన్ని కప్పేస్తుంది. దూరం పోయేకొద్దీ వస్తువు చిన్నదవుతుంది. వస్తువు కింద నీడ పడుతుంది, దూరపు కొండ మసకబారుతుంది. వీటన్నిటికంటే బలమైంది కదలిక. బస్సు కిటికీలోంచి చూస్తే దగ్గరి స్తంభాలు గబగబా వెనక్కి పోతాయి, దూరపు కొండ మనతోపాటే వస్తున్నట్టుంటుంది. దీనికి ఒక్క కన్ను చాలు. ఒంటికంటి చూపుతో బతికేవాళ్లు రోజంతా తెలియకుండానే తలను అటూ ఇటూ కాస్త కదుపుతూ దూరాలు కొలుచుకుంటూనే ఉంటారు.

మీ చూపు ఏ రకమో తెలియకుండా ఎవరి సలహా విన్నా ఉపయోగం ఉండదు. మొదటి రకం, ఎప్పుడూ ఒకే బొమ్మ చూసేవాళ్లు. రెండో రకం, కాసేపు ఈ కంటితో, కాసేపు ఆ కంటితో మార్చి మార్చి చూసేవాళ్లు. మూడో రకం, రెండు బొమ్మలూ అందుతాయి కానీ సరిగా కలవవు. వాళ్లకి రెండుగా కనపడటం, కళ్లు లాగడం, తలనొప్పి వస్తాయి. త్రీడీ వల్ల నిజంగా బాధపడేది ఈ మూడో రకమే. మొదటి రకానికి నష్టం వెలుతురులోనే, నొప్పి ఉండదు.

రెండు కళ్ల బొమ్మల్నీ కలిపి లోతు చూసే శక్తినే స్టీరియో చూపు అంటారు. కంటి ఆసుపత్రిలో దానికి స్టీరియో పరీక్ష చేస్తారు. పోలరైజ్డ్ కళ్లజోడుతో చూస్తే ఈగ పైకి లేచినట్టు కనిపించే టిట్మస్ పుస్తకం ఇందులో బాగా పేరున్నది. అందులో ఈగ చాలా మోటు కొలత, రెండు కళ్ల బొమ్మల మధ్య దాని తేడా 3,000 ఆర్క్ సెకన్లకు పైనే (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు, అంకె తగ్గేకొద్దీ పరీక్ష కష్టం). పక్కనున్న వలయాలు 800 నుంచి 40 దాకా దిగుతాయి. ఈగ రెక్క పైకి లేచిందని చెప్పినంత మాత్రాన స్టీరియో చూపు ఉందని కాదు. బొమ్మ కాస్త పక్కకి జరిగినట్టుండటం చూసి ఊహించి చెప్పేసేవాళ్లు చాలామంది. 1960లో బేలా యూలెస్ తెచ్చిన చుక్కల బొమ్మల పద్ధతి మీద తయారైన పరీక్షలో అలా ఊహించే వీలుండదు. అందుకే ఎరుపు, ఆకుపచ్చ కళ్లజోడుతో చేసే టీఎన్‌ఓ లాంటి చుక్కల పరీక్ష కూడా చేయమని అడగండి. టిట్మస్‌లో కింది చిన్న వలయాలదాకా వెళ్లగలిగితే ఈ సమీక్షలో చాలా భాగం మీకు అక్కర్లేదు.

ఇక థియేటర్.

చాలా హాళ్లలో ఉండేది వృత్తాకార పోలరైజేషన్ పద్ధతి, అంటే ఒక కంటి కాంతిని ఎడమకి, రెండో కంటి కాంతిని కుడికి మెలితిప్పి పంపి కళ్లజోడుతో విడగొట్టడం. రియల్‌డీ అలాంటిదే. ఒకే ప్రొజెక్టరు ఎడమ కంటి బొమ్మను, కుడి కంటి బొమ్మను వంతులవారీగా వేస్తుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములే అయినా ఒక్కో బొమ్మను మూడేసి సార్లు చూపిస్తారు కాబట్టి కంటికి 72, మొత్తం 144 మెరుపులు. తెరకి వెండి పూత ఉంటుంది. అది లేకపోతే వెనక్కి వచ్చే కాంతి పోలరైజేషన్ పోగొట్టుకుంటుంది. వెలుతురు నష్టం ఇక్కడే మొదలవుతుంది. టూడీ తెరకి ప్రమాణం 14 ఫుట్ లాంబర్టులు (తెర వెలుతురు కొలత). త్రీడీలో కళ్లజోడు దాటి కంటికి చేరేది చాలా హాళ్లలో 3 నుంచి 5 మధ్యే. రెండు కళ్లవాళ్లు లోతు దొరికింది కదా అని ఈ చీకటిని ఓర్చుకుంటారు. మనకి లోతూ లేదు, వెలుతురూ లేదు. అదే సినిమా టూడీలో ఆడుతుంటే టూడీకే వెళ్లండి, ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు.

త్రీడీ ఒక్కటే ఆడుతుంటే? మొదటి రకంవాళ్లు హాల్లో ఇచ్చే కళ్లజోడే పెట్టుకుంటే చాలు. చూసే కన్ను ముందున్న అద్దం రెండో బొమ్మను ఆపేస్తుంది కాబట్టి తెర మీద శుభ్రమైన టూడీ కనిపిస్తుంది. "నాకు త్రీడీ కనపడదు కదా" అని కళ్లజోడు తీసేస్తే రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పడి అంచులన్నీ జంటలుగా కనిపిస్తాయి. ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే.

రెండు ఎడమ అద్దాలతో చేసే "టూడీ కళ్లజోడు" మూడో రకంవాళ్ల కోసం. రెండు కళ్లకీ ఒకే బొమ్మ అందుతుంది కాబట్టి కలపాల్సిన తేడా ఉండదు, కళ్లు లాగవు. దీనివల్ల వెలుతురు మాత్రం పెరగదు. ప్రొజెక్టరు వేసే రెండు బొమ్మల్లో ఒకటి రెండు కళ్లకీ పూర్తిగా ఆగిపోతుంది మరి.

ఇంట్లో చేసుకోవడం కష్టం కాదు, కానీ ఒకచోట తప్పకుండా చెడిపోతుంది. ఒకే రకం వృత్తాకార కళ్లజోళ్లు రెండు కావాలి. రెండో జతలోని ఎడమ అద్దం ఊడదీసేముందే, తెర వైపు ఉండే ముఖం మీద మూలన మార్కరుతో చుక్క పెట్టండి. దాన్ని మొదటి జతలో కుడి అద్దం తీసేసిన చోట బిగించాలి. ఎడమ అద్దం ఆకారం కుడి గూటికి సరిపోదు. అప్పుడు ఎవరైనా చేసే పని అద్దాన్ని వెనక్కి తిప్పి పెట్టడం. ఆకారం చక్కగా కూర్చుంటుంది, పని మాత్రం చేయదు. ఆ అద్దంలో రెండు పొరలుంటాయి: తెర వైపు కాంతిని మలిచే పొర, కంటి వైపు మామూలు పోలరైజరు. తిప్పితే పోలరైజరు ముందుకొస్తుంది, రెండు బొమ్మలూ లోపలికి వచ్చేస్తాయి. కాబట్టి తిప్పకుండా, అంచులు కత్తెరతో సరిచేసి, ఖాళీలకి నల్ల టేపు వేయండి. చుక్క తెర వైపే ఉండాలి. అద్దాన్ని ఉన్న తలంలోనే గుండ్రంగా ఎటు తిప్పినా ఫరవాలేదు. వృత్తాకార పద్ధతికి ఉన్న సుఖం అదే.

సరిగా చేశామో లేదో తెలుసుకోవడానికి హాలుదాకా పోనక్కర్లేదు. కళ్లజోడు పెట్టుకుని అద్దం ముందు నిలబడి ఒక కన్ను మూయండి. మామూలు త్రీడీ కళ్లజోడులో తెరిచిన కన్ను ముందున్న అద్దం నల్లగా, మూసిన కన్ను ముందున్నది తేటగా కనిపిస్తుంది. అద్దంలో తిరిగొచ్చేటప్పుడు కాంతి చేతివాటం మారిపోవడం వల్ల అలా జరుగుతుంది. మీరు చేసిన టూడీ కళ్లజోడులో ఏ కన్ను తెరిచినా రెండు అద్దాలూ నల్లగానే కనపడాలి. ఒకటి తేటగా కనిపిస్తే ఆ అద్దం తిరగబడిందనో, కుడిదనో అర్థం.

కాంతి ఒకే గీత దిశలో కంపించే పాత రేఖీయ పోలరైజేషన్ హాళ్లలో ఈ ఉపాయం ఇంత సులువుగా కుదరదు. అక్కడ అద్దం కోణం కొంచెం మారినా రెండో బొమ్మ తొంగిచూస్తుంది. మెడ పక్కకి వంచి చూసే అలవాటున్నవాళ్లకి, ముఖ్యంగా కొన్ని రకాల మెల్లకన్ను ఉన్నవాళ్లకి, ఆ హాళ్లలో అంచుల దగ్గర నీడబొమ్మ కనపడటం సహజం. డాల్బీ త్రీడీలో రెండు కళ్లకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లోనే కొంచెం వేరువేరు తరంగాలు పంపుతారు. ఆ అద్దాలు పూతపూసిన గాజు. వాటిని హాలుకి తిరిగి ఇవ్వాలి కాబట్టి మార్చే ప్రసక్తి లేదు. రెండు అద్దాలూ వంతులవారీగా మూసుకునే షట్టరు కళ్లజోడు వాడే హాళ్లలోనూ అంతే. అక్కడ మూడో రకంవాళ్లకి మిగిలేది ఒక్కటే, తక్కువ చూపున్న కన్ను ముందు అద్దానికి లోపలివైపు నల్లకాగితం పెట్టుకోవడం.

సైటు కళ్లజోడు ఉన్నవాళ్లు త్రీడీ కళ్లజోడును దాని పైన, అంటే తెర వైపు, పెట్టుకోవాలి. లోపలివైపు బిగిస్తే తెర నుంచి వచ్చే కాంతి ముందు సైటు అద్దం గుండా పోతుంది. పాలికార్బొనేటు అద్దాలు పోలరైజేషన్‌ను చెడగొడతాయి, నీడబొమ్మ వస్తుంది. సీటు మధ్య వరుసల్లో మధ్యలో తీసుకోండి. వెండి తెర కాంతిని ఎదురుగా ఎక్కువ, పక్కలకి తక్కువ పంపుతుంది. ఉన్న కాస్త వెలుతురును పక్క సీట్లో కూర్చుని పోగొట్టుకోవద్దు.

మార్చి మార్చి చూసే రెండో రకంవాళ్లకి ఒక ప్రత్యేక చికాకు ఉంది. తెర ముందుకి తేలినట్టు వేసే సబ్‌టైటిళ్లు, కన్ను మారిన ప్రతిసారీ వెనకున్న బొమ్మ మీద పక్కకి గెంతుతాయి. సబ్‌టైటిళ్ల సినిమా అయితే వీళ్లకీ టూడీ కళ్లజోడే హాయి.

త్రీడీ టీవీల గురించి చెప్పుకోవాల్సింది తక్కువ. 2016, 2017 నాటికి పెద్ద తయారీదారులందరూ వాటిని ఆపేశారు. ఇంట్లో ఒకటి మిగిలి ఉంటే మెనూలో "త్రీడీ నుంచి టూడీ" లాంటి ఎంపిక కోసం వెతకండి, చాలా సెట్లలో ఉంది. అది రెండు బొమ్మల్లో ఒకదాన్ని తెర నిండా వేస్తుంది, కళ్లజోడుతో పనిలేదు. బ్లూరే ప్లేయరులోనూ టూడీ అవుట్‌పుట్ సెట్టింగు ఉంటుంది. త్రీడీ డిస్కులో ఒక కంటి బొమ్మ మామూలు వీడియోగానే ఉంటుంది, రెండోది దానిమీద అదనపు పొరగా ఉంటుంది.

చేతిలో పట్టే ఆటపెట్టెల్లో నింటెండో త్రీడీఎస్‌ని మెచ్చుకోకుండా ఉండలేం. 2011లో వచ్చిన ఆ పెట్టెకి పక్కనే ఒక జారుడు మీట ఉంది. పూర్తిగా కిందికి దించితే తెర టూడీ అయిపోతుంది, బొమ్మకి వెలుతురు తిరిగొస్తుంది. ఆ ఆటల్ని టూడీలోనూ ఆడుకోవచ్చు. రెండేళ్ల తర్వాత స్టీరియో తెరే లేకుండా టూడీఎస్‌ను కూడా తెచ్చారు. లోతును ఆటగాడి ఇష్టానికి వదిలేసి, అది లేనివాళ్లని ఆట నుంచి బయటికి నెట్టకపోవడమంటే అదీ. తర్వాత వచ్చిన చాలా వస్తువుల్లో ఆ మర్యాద లేదు.

అసలు సంగతి హెడ్‌సెట్లది. "ఒక్క కన్నే ఉంది, వీఆర్ నాకెందుకు" అనుకుని పక్కన పెట్టేసేవాళ్లు మంచి అనుభవాన్ని పోగొట్టుకుంటున్నారు. ఆరు దిశల ట్రాకింగ్ ఉన్న హెడ్‌సెట్లో తల పక్కకి జరిపినా, ముందుకి వంచినా, కిందికి కూర్చున్నా లోపలి దృశ్యం వెంటనే దానికి తగ్గట్టు మారుతుంది. ఒంటికన్ను రోజూ వాడుకునే కదలిక అనే ఆధారం అక్కడ పూర్తిగా దొరుకుతుంది. థియేటర్ త్రీడీ ఇవ్వలేనిది ఇదే. తిప్పిచూడటం ఒక్కటే గుర్తించే మూడు దిశల పెట్టెలు, ఫోను పెట్టుకునే అట్టపెట్టె కళ్లజోళ్లు, వేరు సంగతి. వాటిలో చుట్టూ చూడొచ్చు కానీ వంగి చూడలేం. మనకి అవి గుండ్రంగా వంచిన పోస్టరుతో సమానం.

హెడ్‌సెట్ తీసుకునేముందు పెట్టుకుని చూసే అవకాశం దొరికితే ఇలా చూడండి. చూడని కన్ను మూసేసి, లోపల దగ్గరున్న ఒక వస్తువు వెనక దూరపు వస్తువు ఉండేలా నిలబడి, తలను ఒక జానెడు అటూ ఇటూ జరపండి. దగ్గరిది దూరపుదాని మీద జారుతున్నట్టుండాలి. తర్వాత చేతిని చాచి తేలుతున్న ఒక బటన్ నొక్కండి. వేలు దాన్ని తాకిందని ఏది చెబుతోంది? నీడా, రంగు మార్పా, చప్పుడా, కంట్రోలరు అదురా? వీటిలో ఏదీ లేకపోతే ఆ సాఫ్ట్‌వేరు రెండు కళ్ల చూపును నమ్ముకుని రాసింది. చేయి గాల్లో ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూనే ఉంటుంది. అలాంటిచోట చేతి వేళ్లతో నొక్కే బదులు కంట్రోలరు కిరణంతో గురిపెట్టి ఎంచుకునే పద్ధతికి మారండి. గురి కుదరడానికి లోతు అవసరం లేదు.

లెన్సుల ఎడం సరిచేయడంలో అందరూ ఇచ్చే సలహా మనకి పనికిరాదు. రెండు కంటిపాపల మధ్య దూరం పెట్టమంటారు. మెల్లకన్ను పక్కకి తిరిగి ఉంటే ఆ కొలతకి అర్థం లేదు, కృత్రిమ కన్నయితే అసలే లేదు. కొలవాల్సింది ముక్కు దూలం మధ్య నుంచి చూసే కంటి పాప మధ్య వరకు. అద్దానికి ఒక జానెడు దూరంలో నిలబడి, స్కేలును కళ్ల కింద అడ్డంగా పట్టుకుని, సున్నాని దూలం మధ్యకి తెచ్చి, ఆ కంటినే చూస్తూ చదవండి. వచ్చినదాన్ని రెట్టింపు చేసి పెట్టండి. 31 మిల్లీమీటర్లు వస్తే 62. మెటా క్వెస్ట్ 3లో చక్రం 58 నుంచి 71 దాకా తిరుగుతుంది. మీకు 56 వచ్చినా కంగారు వద్దు. 58 దగ్గర పెడితే ఒక్కో లెన్సు తప్పేది ఒక మిల్లీమీటరే. క్వెస్ట్ 3ఎస్‌లో 58, 63, 68 అని మూడే మెట్లున్నాయి. ఆ మెట్ల మధ్య పడే కొలత ఉన్నవాళ్లు ముఖం మీద హెడ్‌సెట్‌నే అర మిల్లీమీటరు, మిల్లీమీటరు పక్కకి జరిపి అక్షరాలు స్పష్టంగా వచ్చేచోట పట్టీ బిగించుకోవచ్చు. రెండో కన్ను లెన్సు మధ్యలో లేదన్న దిగులు మనకి లేదు కదా.

ఈ రెండింట్లో మా ఓటు క్వెస్ట్ 3కి. కారణం లెన్సులు. 3ఎస్‌లో ఉన్నవి వలయాలుగా గాట్లున్న ఫ్రెనెల్ లెన్సులు, మధ్యలో స్పష్టంగా ఉండి అంచులకి పోయేకొద్దీ మసకబారతాయి. రెండు కళ్లవాళ్లకి ఒక కంటి మసకను రెండోది కొంత సర్దేస్తుంది. ఒంటికంటికి సర్దేవాళ్లు లేరు. క్వెస్ట్ 3లోని, కాంతిని లోపలే మడిచి పంపే పాన్‌కేక్ లెన్సులు అంచుదాకా నిలకడగా ఉంటాయి. పైగా కంటికి 2064×2208 పిక్సెళ్లు, 3ఎస్‌లో 1832×1920. ముఖానికి దూరం మార్చుకునే నాలుగు మెట్ల సర్దుబాటు కూడా ఉంది. చూపు మేర కొంచెం పెరగాలంటే లెన్సు దగ్గరికి జరపండి, సైటు కళ్లజోడు తగలనంతవరకే. ఎలా సర్దినా ముక్కు వైపు నల్లటి అంచు కనిపిస్తుంది. మామూలుగా ఆ మేరను రెండో కంటి తెర నింపుతుంది కాబట్టి అది లోపం కాదు, పోదు కూడా.

చూడని కన్ను వైపు తెర వెలుగు ఇబ్బంది పెడుతుంటే, లేదా రెండుగా కనిపిస్తుంటే, ఆ లెన్సు మీద మెత్తటి నల్లగుడ్డ ముక్క కత్తిరించి వదులుగా పెట్టండి. లెన్సుకి టేపు అంటించొద్దు, పూత లేచిపోతుంది. రెండు లెన్సుల మధ్య సెన్సరు ఉన్న హెడ్‌సెట్లలో గుడ్డ దాని మీదకి రాకూడదు. వస్తే హెడ్‌సెట్ తల మీదే ఉందనుకుని ఆరిపోకుండా బ్యాటరీ అవగొడుతుంది.

యాపిల్ విజన్ ప్రో సంగతి వేరు. అందులో ఎంపిక చేసేది చూపుతోనే, కంటిని కెమెరాలు వెంబడిస్తాయి. మెల్లకన్ను ఉన్నప్పుడు రెండు కళ్లూ రెండు చోట్లు చూపిస్తే గురి తప్పుతుంది. యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో కంటి ఇన్‌పుట్‌ను ఎడమ కన్ను మాత్రమే, కుడి కన్ను మాత్రమే అని మార్చే వీలుంది. కళ్ల ఏర్పాటు పూర్తి కాకముందే ఇది మార్చుకోవాలి. చాలామంది ఏర్పాటు దగ్గరే రెండు మూడుసార్లు తప్పి "ఇది మనకి కాదు" అని తిరిగి ఇచ్చేస్తారు. అప్పటికీ కుదరకపోతే తలతోనో, మణికట్టుతోనో, చూపుడు వేలితోనో గురిపెట్టే పాయింటర్ ఉంది. ఇంత ఆలోచించి చేసినందుకు యాపిల్‌కి మెచ్చుకోలు చెప్పాలి. సైటు కళ్లజోడులో ప్రిజం (రెండుగా కనపడకుండా బొమ్మను పక్కకి జరిపే అద్దం) ఉన్నవాళ్లు ఏ హెడ్‌సెట్‌కైనా లోపల బిగించే సైటు అద్దాలు చేయించేముందు ప్రిజం కుదురుతుందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.

ప్లేస్టేషన్ వీఆర్2లోనూ కంటి ట్రాకింగ్ ఉంది కానీ దాన్ని ఆపేసి ఆడొచ్చు. ఒక కంటిని పట్టుకోలేక ఏర్పాటు నిలిచిపోతుంటే ఆపేయడమే మంచిది.

ఆటల్లో ఏది బాగుంటుంది? లయకి తగ్గట్టు వచ్చేవాటిని కొట్టే బీట్ సేబర్ లాంటివి దాదాపు ఇబ్బంది లేకుండా ఆడొచ్చు. ఎదురొచ్చే పెట్టె పెరిగే వేగమే సమయం చెబుతుంది. తుపాకీ గురి చూసే ఆటల్లో అందరూ ఒక కన్ను మూసేవాళ్లే. అయితే కుడిచేత్తో పట్టి ఎడమకంటితో చూసేవాళ్లు సెట్టింగుల్లో ముఖ్యమైన కన్ను ఎంపిక ఉందేమో చూసుకోవాలి. విసిరిన బంతిని దగ్గర పట్టుకునే ఆటలు, చిన్న చిన్న ముక్కల్ని ఒకదానిలో ఒకటి దూర్చే ఆటలు కష్టం. బంతి కింద నేల మీద నీడ వేసే ఆటయితే అవీ లొంగుతాయి. ఇక స్టీరియో చూపు లేనంత మాత్రాన కడుపులో తిప్పడం రాకుండా పోదు. అది చెవి లోపలి తూకానికి, కంటికి మధ్య గొడవ. నడక సాఫీగా ఉండే ఆటల్లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఒక్కసారే గెంతే నడకకి (టెలిపోర్ట్) మారండి, మొదటి వారం పది పదిహేను నిమిషాలకే ఆపండి.

హెడ్‌సెట్లో చూసే వీడియోల దగ్గర మళ్లీ మొదటి ప్రశ్నే. 180 డిగ్రీల త్రీడీ వీడియోలు, ఫోనుతో తీసే స్పేషియల్ వీడియోలు కెమెరా నిలబడినచోట నుంచే ఉంటాయి. తల జరిపితే ఏమీ మారదు, మనకి లోతు రాదు. 2025లో విజన్ ప్రో సాఫ్ట్‌వేరు విజన్‌ఓఎస్ 26తో వచ్చిన స్పేషియల్ సీన్లు అలా కాదు. ఫొటోలో వస్తువుల లోతును లెక్కగట్టి, తల వంచినప్పుడు పక్కనుంచి కనిపించేట్టు చేస్తాయి. అదే ఫొటో ముందు "త్రీడీ"గా ఉన్నప్పుడు బల్లపరుపుగా కనపడింది, ఇప్పుడు కదిలితే లోతు తెలుస్తోంది. మన ప్రశ్న ఎంత సూటిగా పనిచేస్తుందో దీనికంటే మంచి ఉదాహరణ లేదు.

కళ్లజోడు అక్కర్లేని తెరల్నీ ఇలాగే తూచాలి. లుకింగ్ గ్లాస్ తెరలు ఒకేసారి 45 నుంచి 100 దాకా వేరువేరు కోణాల బొమ్మల్ని పక్కపక్కన విసురుతాయి. పక్కకి నడిస్తే వస్తువు పక్కభాగం కనిపిస్తుంది, ఒక్క కంటికీ కనిపిస్తుంది. పైకీ కిందికీ తల జరిపితే మాత్రం మారదు. సోనీ స్పేషియల్ రియాలిటీ డిస్‌ప్లే కెమెరాతో ముఖాన్ని వెంబడిస్తూ పైకి, కిందికి, పక్కలకి బొమ్మ మారుస్తుంది కాబట్టి మోడళ్లు చూసుకునే పనికి ఇంకా మేలు. కంటికి గంత కట్టుకున్నవాళ్లు, నల్ల అద్దం వాడేవాళ్లు ఆ కెమెరా తమని పట్టుకుంటుందో లేదో ఎదుట కూర్చుని చూసుకునే తీసుకోవాలి. ఆట ఆడేవాళ్ల కళ్ల కదలిక గమనిస్తూ రెండే బొమ్మలు పంపే గేమింగ్ మానిటర్లు మనకి దండగ, వాటిని టూడీ మానిటరుగానే లెక్కగట్టండి.

అందరు తయారీదారుల్నీ అడగాల్సింది ఒకటుంది: మోనో మోడ్. ఇప్పుడు హెడ్‌సెట్ ప్రతి ఫ్రేమునీ రెండుసార్లు గీస్తుంది, అందులో ఒకటి మన మెదడు చెత్తబుట్టలో పడేస్తుంది. ఒక్క కంటికే గీసే ఎంపిక ఉంటే ఆ మిగులుతో బొమ్మ స్పష్టత పెంచొచ్చు, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. మూడో రకంవాళ్లకి రెండు కళ్లకీ ఒకే బొమ్మ పంపితే తలనొప్పి తప్పుతుంది. ఇది కొన్ని ప్రోగ్రాముల్లో తప్ప చాలా హెడ్‌సెట్ల సెట్టింగుల్లో దొరకదు.

చివరిగా, "వీఆర్ ఆడితే స్టీరియో చూపు వచ్చేస్తుంది" అన్న మాట. దీని వెనక నిజమైన సంఘటనలున్నాయి. చిన్ననాటి మెల్లకన్ను ఉన్న న్యూరోసైంటిస్టు సూజన్ బ్యారీ 48 ఏళ్లకి చికిత్స మొదలుపెట్టాక లోతు చూడగలిగింది. 2012లో ఇంకో శాస్త్రవేత్త బ్రూస్ బ్రిజ్‌మన్‌కి ఒక త్రీడీ సినిమా చూసిన రోజు నుంచి లోతు కనపడటం మొదలైంది. వాళ్లిద్దరికీ రెండు కళ్లూ పనిచేస్తున్నాయి, ఎక్కడో కొంత కలిసే శక్తి మిగిలి ఉంది. ఒక కన్ను పోయినవాళ్లకి ఇది వర్తించదు.

పిల్లల మందకన్నుకి మాత్రం హెడ్‌సెట్ చికిత్సే ఉంది. లూమినోపియా అనే పరికరానికి 2021 అక్టోబరులో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 4 నుంచి 7 ఏళ్ల పిల్లల కోసం అనుమతిచ్చింది. పిల్లవాడు తనకిష్టమైన వీడియోలే చూస్తాడు. మంచి కంటి బొమ్మలో కాంట్రాస్టు తగ్గించి, రెండు కళ్లకీ వేరువేరు భాగాలు కప్పేస్తారు, రెండూ కలిస్తేనే కథ అందుతుంది. రోజుకి గంట, వారానికి 6 రోజులు, 12 వారాలు. 105 మంది పిల్లల మీద చేసిన పరీక్షలో దీన్ని వాడినవాళ్లు చార్టులో సగటున 1.8 వరుసలు దిగగలిగారు, కళ్లజోడు ఒక్కటే వాడినవాళ్లు 0.8. ఇది డాక్టరు రాసిస్తేనే వచ్చే పరికరం. ఇదే పద్ధతి అని చెప్పుకునే ఆటల్ని పెద్దవాళ్లు సొంతంగా దింపుకుని నెలల తరబడి ఆడటం ప్రమాదం. మెదడు పక్కన పెట్టిన బొమ్మ మేలుకుంటుంది కానీ రెండూ కలవవు, అప్పుడు హెడ్‌సెట్ తీసినా లోకం రెండుగానే కనపడుతుంది. కొందరిలో అది మళ్లీ పోదు. హెడ్‌సెట్ తీసేశాక కూడా కాసేపు రెండుగా కనిపిస్తే ఆ రోజుకి ఆపేయండి. మర్నాడూ అలాగే ఉంటే మెల్లకన్ను చూసే డాక్టరుకి చూపించేదాకా మళ్లీ పెట్టుకోవద్దు.